సున్నా వాట్ల అనంతకృష్ణ

అనంతకృష్ణగారికి ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన అంకె సున్నా. తక్కినవాళ్లు లక్షలనీ కోట్లనీ కలలు కంటారు. ఈయనకు సున్నా చాలు. కోలారు బంగారు గనుల ఊరు ఉరిగాంలో ఆయన ఇంటి హాలు గోడకు అరచేయంత పెట్టె ఒకటి ఉంటుంది. ఆ క్షణాన ఇంట్లో ఎన్ని వాట్ల కరెంటు ఖర్చవుతోందో అందులో ఎర్రటి అంకెల్లో కనిపిస్తుంది. పొద్దున లేవగానే ఆయన కళ్లు తెరిచేది దేవుడి పటం ముందు కాదు, ఆ పెట్టె ముందు. అంకె పెద్దదిగా ఉందా, ఇక ఆ రోజు కాఫీ కూడా గొంతు దిగదు. ముప్పై ఆరేళ్లుగా కాపురం చేస్తున్న భాగీరథమ్మ మాత్రం, "ఇంట్లోకి సవతి వచ్చినా ఇంతకన్నా నయమే, దాంతో పోట్లాడనన్నా పోట్లాడొచ్చు" అంటుంది.

తమాషా ఏమిటంటే, ఆ సవతిని తెచ్చిపెట్టింది ఆమె సొంత మేనకోడలే. బెంగళూరులో ఉద్యోగం చేసే స్మిత ఒక ఆదివారం వచ్చి, "మామయ్యకి పొద్దుపోవడం లేదని నువ్వే అంటివి కదత్తా" అంటూ మెయిన్ బోర్డు తీగకు చిన్న క్లిప్పు తగిలించింది. పెట్టెను గోడకు పెట్టింది. ఇస్త్రీపెట్టె స్విచ్చి నొక్కింది. అంకె గబుక్కున వెయ్యికి ఎగిరింది. అనంతకృష్ణగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇంగొకసారి పెట్టు తల్లీ."

పెట్టింది.

"ఇప్పుడు తియ్యి."

తీసింది.

"ఇంగొకసారి."

పదకొండుసార్లు పెట్టించుకుని, తీయించుకుని, చివరికి ఆ పిల్ల బస్సు టైమైందని బతిమాలుకుంటే గానీ వదల్లేదు. ఇస్త్రీ మటుకు ఒక్క చొక్కాకీ జరగలేదు.

ఆయన్నీ అనడానికి లేదు. బంగారు గనుల ఎలక్ట్రికల్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశారు. ఏ గని షాఫ్టు ఎంత కరెంటు తిన్నదో రీడింగులు రాయడమే పని. గనులు మూతపడిన రోజున ఆ రీడింగు పుస్తకమూ మూతపడింది. తర్వాత ఒక బడిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు కానీ, బడిలో ఏముంది రాయడానికి, పిల్లల హాజరు తప్ప? ఇరవై ఏళ్ల తర్వాత ఇంట్లోనే రీడింగు దొరికేసరికి మనిషికి పదేళ్లు వయసు తగ్గింది.

మొదటి వారమంతా దొంగలవేట. అన్నీ ఆపేసినా పెట్టె ముప్పై ఒకటి చూపిస్తోంది. ఎవరు తింటున్నారు ఆ ముప్పై ఒకటీ? ఆయన లోపల ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ అరవాలి. భాగీరథమ్మ హాల్లో నిలబడి అంకె చదవాలి.

"ఎంత భాగీ?"

"ముప్పై ఒకటి."

"ఇప్పుడు?"

"ముప్పై ఒకటే. పొయ్యి మీద పప్పు మాడతా ఉండాది."

"మాడితే ఇంగొక పప్పు. ఇప్పుడు?"

"ఇరవై!"

"దొరికినాడు!"

దొరికినవాడు సెట్‌టాప్ బాక్సు. టీవీ ఆపినా లోపల మేలుకుని పదకొండు వాట్లు మింగుతున్నాడు. అనంతకృష్ణగారు దాన్ని రెండు చేతుల్తో ముఖానికి ఎదురుగా పట్టుకుని, "ఇన్నేళ్లూ నిద్రపోతా ఉండానని నటించి తిన్నావు కదరా!" అని నిలదీశారు. మర్నాడు ఇంటర్నెట్ పెట్టె పట్టుబడింది. ఆ మర్నాడు వాకిలి గంట. గంట పీకేశారు కాబట్టి ఆ రోజు నుంచి వచ్చినవాళ్లు తలుపు దబదబా బాదుతున్నారు, వీధంతా వినపడేలా.

ఆ తర్వాత వచ్చాయి బిళ్లలు. గనిలోకి దిగేముందు ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్లను బోర్డుకు తగిలించి దిగడం, పైకి రాగానే తీసుకుపోవడం ఆ రోజుల్లో పద్ధతి. షిఫ్టు అయ్యాక బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా సరే, మనిషింకా కింద ఉన్నాడని లెక్క. ఆ బిళ్ల కదిలేదాకా ఎవరికీ కాలు నిలవదు. అనంతకృష్ణగారు హాల్లో ఒక చెక్క కొట్టి, మేకులు దిగేసి, పాతసామాన్ల అంగట్లో దొరికిన బిళ్లలన్నీ తెచ్చారు. ఇంట్లో ప్రతి స్విచ్చికీ ఒక బిళ్ల. స్విచ్చి వేస్తే తగిలించాలి, ఆపితే తీయాలి.

"ఎవరే బిళ్ల తియ్యలే? బాత్రూం లైటు ఇంకా లోపల ఉండాది!" అని ఆయన కేక.

"లైటు కాదు, లోపల ఉండేది నేను! సుమ్నే ఉండండి, అరవొద్దు!" అని భాగీరథమ్మ లోపల్నుంచి.

రుబ్బురాయి మిషనుకు ఫస్ట్ షిఫ్టు. బట్టల మిషనుకు సెకండ్ షిఫ్టు. గీజరుకు వారానికి రెండు రోజులు, అదీ దరఖాస్తు మీద. టైము కాగానే నోటితోనే గని సైరన్ కూసేవారు. "కూ... షిఫ్టు అయిపోయింది!" అంటూ స్విచ్చి ఆపేస్తే, సగం నలిగిన మినప్పప్పు గిన్నె పట్టుకుని భాగీరథమ్మ గుడ్లురిమి చూసేది. ఆ ఇంట్లో ఇడ్లీలు కొంచెం రవ్వరవ్వగా ఉండటానికి కారణం అది తప్ప ఆమె చేతి లోపం కాదని మనవి.

మనుషుల్ని కూడా వాట్లలోనే కొలిచేవారు. భాగీరథమ్మ తమ్ముడు అచ్యుత వేమగల్‌లో ఉంటాడు, అక్కడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, మంచి దిట్టమైన మనిషి. కూర్చుంటే నెత్తిమీద ఫ్యాను కావాలి, ఎదురుగా టీవీ కావాలి. "మీ తమ్ముడు నూట అరవై వాట్ల మనిషి" అనేవారు అనంతకృష్ణగారు. "వాళ్లావిడ మధుర ఉత్తమురాలు. కిటికీ పక్కన కూర్చుంటుంది. సున్నా."

ఒక్కటి మాత్రం భాగీరథమ్మకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. పిసినారి అందామంటే, నెలనెలా వచ్చే కరెంటు బిల్లును ఆయన కన్నెత్తి చూడరు. మడిచి పంచాంగంలో పెట్టి మరిచిపోతారు.

"ఇంత మిగిల్చి ఏం చేసుకుంటారండీ?" అని ఒకసారి అడిగేసింది.

"మిగులుతాది కదా."

"మిగిలి?"

"మిగిలి ఉంటాది" అన్నారు. అన్నాక పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇదంతా ఒక ఎత్తు, ఇన్వర్టరు ఒక ఎత్తు. ఎండాకాలం ఉరిగాంలో కరెంటు మధ్యాహ్నాలు గంటా రెండు గంటలు పోతుంది. అందుకని రెండేళ్ల కిందట అనంతకృష్ణగారు ఇన్వర్టరు, దానికి కుంకుడుకాయల బస్తా అంత బ్యాటరీ కొన్నారు. వెనక సామాన్ల గదిలో పెట్టారు. నెలనెలా దానికి నీళ్లు పోస్తారు, ఆయుధపూజకు పూలు పెడతారు. అన్నీ చేస్తారు, వాడటం తప్ప! కరెంటు పోగానే ఆయన చేసే మొదటి పని, హాల్లో పెట్టె మీద తువ్వాలు కప్పడం.

"పాపం, అదీ రవ్వంత రెస్టు తీసుకోవాల" అంటారు.

రెండో పని, ఒక నంబరు బిళ్లను బోర్డుకు తగిలించడం. 1123. అది ఏ స్విచ్చిదో ఆయన చెప్పరు. అడిగితే "అది మెయినుది" అంటారు. మూడో పని, భాగీరథమ్మ చేతికి విసనకర్ర ఇవ్వడం. బ్యాటరీ ఇంట్లో పెట్టుకుని విసనకర్రతో విసురుకునే ఇల్లాలు కోలారు జిల్లా మొత్తంలో ఆమె ఒక్కతే.

పుండు మీద కారం చల్లినట్టు పక్కింటి ఆంజినప్ప ఒకరు. గని వాళ్ల పాత క్వార్టర్సు కదా, రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆంజినప్ప గని అడుగున ముప్పై ఏళ్లు రాయిని తొలిచిన మనిషి. ఆ రాతి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇప్పుడు డెబ్బై దాటాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు ఒక మిషను ఇచ్చాడు. గదిలో గాలిని పీల్చి, మంచి గాలిని గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. పొద్దస్తమానం అది బుస్సు బుస్సుమంటూ ఉండాలి. కరెంటు పోయి అది ఆగితే ఏమవుతుందో భాగీరథమ్మ ఒకసారి కళ్లారా చూసింది. గడపలో కూర్చున్న మనిషి పెదాలు నీలంగా మారాయి. నోట మాట లేదు. ఆయన భార్య సొన్నమ్మ చీర కొంగుతో విసురుతూ ఏడుస్తోంది.

అలాంటిది, రెండేళ్లుగా ఆ మిషను ఒక్క నిమిషం ఆగలేదు. ఎందుకంటే ఆంజినప్ప ఇంటికి "గని లైను" ఉంది. ఎప్పుడో నూరేళ్ల కిందట గనుల కోసమని శివసముద్రం నుంచి లాగిన కరెంటు లైనుంది కదా, అందులో ఒక పాయ ఇంకా బతికే ఉందనీ, అది సరిగ్గా ఆంజినప్ప ఇంటి గోడలో ఉందనీ అనంతకృష్ణగారే పాత కాగితాలు చూసి కనిపెట్టారు. ఆయనే స్వయంగా మిషనుకు ప్లగ్గు పెట్టి ఇచ్చారు. కరెంటు ఉన్నంతసేపూ మిషను ఆంజినప్ప ఇంటి మీటరు మీదే నడుస్తుంది, పోగానే దానంతటదే గని లైనుకు మారుతుంది. ఊరంతటికీ కరెంటు పోయినా ఆ ప్లగ్గుకు పోదు.

ఇంక చూడాలి ఆంజినప్ప దర్జా! ఊళ్లో కరెంటు పోతే చాలు, గోడ అవతలి నుంచి ఆగి ఆగి గొంతు వినపడుతుంది. "ఏమి సామీ... కరెంటు పోయిందా మీకు? మాకు ఉండాదే! గని లైనప్పా ఇది. ముప్పై ఏండ్లు నా ఊపిరి తీసుకునింది గని. ఇప్పుడు రవ్వంత తిరిగి ఇస్తా ఉండాది."

"నీ అదృష్టం ఆంజినప్పా!" అని అనంతకృష్ణగారు చెమటలు కక్కుతూ ఇటునుంచి జవాబిస్తారు.

"అదృష్టం కాదు సామీ... హక్కు!"

ఇటుపక్క భాగీరథమ్మ పళ్లు నూరుకుంటుంది. "పక్కింటి గోడలో లైను కనిపెట్టే మొగుడికి సొంత గోడలో ఒకటి దొరకలేదా?" అంటే, "ఉండేదే ఒకటి. అది వాళ్ల గోడలో ఉండాది. నేనేం చేసేది?" అంటారు ఆయన అమాయకంగా.

ఇలా ఉండగా మొన్న వైశాఖంలో అచ్యుత, మధుర భోజనానికి వస్తున్నామని ఫోను చేశారు. భాగీరథమ్మ ఆ రోజే భర్తను కూర్చోబెట్టి తేల్చిచెప్పింది.

"పోయినసారి మా తమ్ముడు తడిసి ముద్దయి పోయినాడు. బావ ఇంట్లో అన్నం తినడమంటే ఆవిరి పట్టుకున్నట్టే అక్కా అని మా ఊర్లో అందరికీ చెప్పినాడంట. నాకు తలకాయ కొట్టేసినట్టు ఉండాది. ఈసారి వాడు ఉన్నంతసేపూ ఫ్యాను తిరగాల. తిరగలేదో, వాళ్ల కార్లోనే నేనూ వేమగల్ పోతా. ఇంగ మీరూ మీ సున్నా కాపురం చేసుకోండి."

ఆమె ఉత్తుత్తి మాట అనే మనిషి కాదు. అనంతకృష్ణగారు గోడ మీది పెట్టె వంక చూశారు, పెళ్లాం వంక చూశారు. "సరే. కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతాది" అన్నారు.

వాళ్లు వచ్చేది పన్నెండింటికి. కరెంటు పోయింది పదకొండున్నరకి! లైను పనులట, రెండు దాకా రాదట. అనంతకృష్ణగారు లేచి, ఎప్పటిలాగే పెట్టె మీద తువ్వాలు కప్పారు. 1123 బిళ్ల తగిలించారు. భాగీరథమ్మకు విసనకర్ర ఇవ్వబోయి, ఆమె ముఖం చూసి, బల్ల మీద పెట్టి అక్కణ్నుంచి జారుకున్నారు.

అచ్యుత వచ్చాడు. కూర్చున్నాడు. పది నిమిషాల్లో చొక్కా వీపుకు అతుక్కుంది.

"బావా, ఇన్వర్టరు ఉండాది కదా మీకు?"

"ఉండాది."

"మరి?"

"దానికి ఈ పొద్దు ఒంట్లో బాగాలేదు" అన్నారు అనంతకృష్ణగారు. అని, "అరటాకులు కోసుకొస్తా" అంటూ పెరట్లోకి పోయారు.

అచ్యుత మధుర వైపు చూసి నవ్వాడు. మధుర కిటికీలోంచి బయటికి చూసింది. చూడండి, ఆ నవ్వు ఉంది కదా, పుట్టింటివాళ్లు నవ్వే ఆ చిన్న నవ్వు, దాన్ని మాత్రం ఏ ఆడదీ ఓర్చుకోలేదు. భాగీరథమ్మ చెవులు వేడెక్కాయి. గబగబా పోయి ఫ్యాను స్విచ్చి నొక్కింది. ఫ్యాను శుభ్రంగా తిరిగింది! ఒంట్లో బాగాలేదా ఇన్వర్టరుకు? పెట్టె మీది తువ్వాలు లాగి పారేసింది.

నాలుగు వందల ఇరవై మూడు.

భాగీరథమ్మ కళ్లు నులుముకుంది. రెండేళ్ల ట్రైనింగు మరి, ఇంట్లో ప్రతిదాని లెక్కా ఆమెకు నోటికొచ్చు. ఆ ఫ్యాను డెబ్బై ఐదు. తక్కిందేమిటి? స్విచ్చి ఆపింది. మూడు వందల నలభై ఎనిమిది. ఇంట్లో ఒక్క దీపం కూడా వెలగడం లేదు. బోర్డు మీద బిళ్లలన్నీ తీసేసే ఉన్నాయి, ఆ 1123 తప్ప.

"ఓహో! మా తమ్ముడికి డెబ్బై ఐదు వాట్లు లేవు. దేనికో మాత్రం దొంగతనంగా మూడు వందల నలభై ఎనిమిది పోసి మేపుతా ఉండారా? కానీయండి, నేనూ చూస్తా!"

హాల్లో ఫ్యాను వేసింది. పడగ్గది ఫ్యాను వేసింది. వంటింట్లోకి పోయి, మామిడిపళ్ల రసానికని మిక్సీ కూడా గిర్రున తిప్పింది. పెట్టెలో అంకె వెయ్యికి రెండు తక్కువ. వెనక గదిలో ఇన్వర్టరు కీ కీమని మొత్తుకుంది. మొత్తుకుని, టక్కుమంది. ఫ్యాన్లు ఆగాయి. మిక్సీ ఆగింది. పెట్టెలో అంకె గిరగిరా దిగి నిలబడింది.

సున్నా.

అరటాకులు భుజాన వేసుకుని అనంతకృష్ణగారు లోపలికి వచ్చింది సరిగ్గా అప్పుడే. పెట్టె వైపు చూశారు. ఏ సున్నా కోసం రెండేళ్లుగా తపస్సు చేశారో అది కళ్లముందు నిలబడి ఉంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సున్నా! ఎవరు... ఎవరు చేసినారు సున్నా?"

అరటాకులు అక్కడే జారిపోయాయి. మనిషి సామాన్ల గదిలోకి పరుగెత్తారు, అరవై ఏడేళ్ల వయసులో, పంచె ఊడుతున్నా చూసుకోకుండా. అదే సమయంలో గోడ అవతల ఏదో మిషను బీప్ బీప్‌మని అరవడం, దానిమీద సొన్నమ్మ "సామీ! సామీ!" అని పిలవడం వినపడ్డాయి. భాగీరథమ్మ చేతిలో మిక్సీ మూత అలాగే ఉండిపోయింది. మిషను. పక్కింటి మిషను. అది ఆగింది. గడపలో నీలంగా మారిన ఆ పెదాలు ఆమెకు కళ్లముందు ఆడాయి. గబగబా స్విచ్చులన్నీ ఆపేసింది.

టక్. పెట్టెలో అంకె కదిలింది. మూడు వందల నలభై ఎనిమిది. గోడ అవతల బుస్సు బుస్సుమని చప్పుడు మొదలయింది. సామాన్ల గదిలోంచి "వచ్చింది... వచ్చింది" అని ఆయన గొంతు వినపడింది.

అనంతకృష్ణగారు పక్కింటికి పరుగెత్తారు. వెనకే భాగీరథమ్మ. ఆంజినప్ప మంచం మీద కూర్చుని, ముక్కుకు గొట్టంతో, మెల్లగా ఊపిరి కూడదీసుకుంటున్నారు. ముఖానికి రంగు తిరిగి వస్తోంది. ఆమె చూపు మిషను మీద పడింది. ప్లగ్గు మీద పడింది. ప్లగ్గు నుంచి నల్లటి తీగ గోడ మీదుగా పైకి పోయి, వెంటిలేటరు కంతలోంచి అటువైపు, అంటే ఆమె ఇంట్లోకే దిగుతోంది. ఇన్నాళ్లూ అది కేబుల్ టీవీ తీగని ఆయన చెప్పగా నమ్మింది.

సొన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా, ఆయనకి తెలియనీయొద్దు. ముందు సామి వచ్చి మీ ఇన్వర్టరు నుంచి తీగ ఇస్తానని అడిగినాడు. ఈయన ఒప్పుకోలే. పక్కింటోళ్ల కరెంటుతో ఊపిరి తీసుకునే గతి నాకింకా పట్టలే అన్నాడు. గని ఇస్తే మాత్రం తీసుకుంటాడంట. అందుకని సామి గని లైను అని చెప్పి..."

"నాకెందుకు చెప్పలే?"

సొన్నమ్మ నేల చూపులు చూసింది. "నీకు చెప్తే... సాయంత్రానికి రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో తెలుస్తాదని అన్నాడమ్మా సామి."

అందులో అబద్ధమేముంది! భాగీరథమ్మకు తెలిసిన సంగతి ఏదైనా సరే పూట నిలవదు. ఆ విషయం ఆమెకూ తెలుసు. కోపం రావాల్సిన చోట ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుపు వెనకే నవ్వు కూడా వచ్చింది. సెట్‌టాప్ బాక్సును నిలదీయడం, గీజరుకు దరఖాస్తు, సగం నలిగిన ఇడ్లీ పిండి, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. బ్యాటరీలో ఒక్కొక్క వాటూ ఎవరికోసం మిగిల్చారో ఇప్పుడు తెలిసింది. తన మొగుడు ఎంత మంచివాడో, ఎంత మొండివాడో రెండూ ఒక్కసారే తెలిసొచ్చాయి.

అవతల ఆంజినప్ప గొంతు పెగిలింది. "సామీ... గని లైను కూడా పోయిందా?" ముప్పై ఏళ్ల నమ్మకం బీటలిచ్చిన గొంతు అది. "అది పోదంటివే?"

అనంతకృష్ణగారు ప్లగ్గు దగ్గరికి పోయి దాన్ని నొక్కి చూశారు. రీడింగులు రాసే మనిషికి అబద్ధాలు అప్పటికప్పుడు ఎక్కడ పుడతాయి? భాగీరథమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. ఆయన ఆమె ముఖం చూశారు, కళ్లు మూసుకున్నారు. అయిపోయింది, ఇక ఊరంతా తెలిసిపోయింది అనుకున్నట్టున్నారు.

"పోలేదు ఆంజినప్పా" అంది భాగీరథమ్మ. "పన్నెండు అయింది కదా, శివసముద్రంలో షిఫ్టు మారినారు. ఒకరు దిగి ఇంగొకరు ఎక్కేదానికి ఒక నిమిషం పట్టదా?"

ఆంజినప్ప తల పంకించారు. "అవునమ్మా... షిఫ్టు మారేటప్పుడు మాకూ అట్లే. మమ్మల్ని గనిలోకి దింపే కేజీ కూడా ఆగేది." ముఖం తేటపడింది. "సరిగ్గా చెప్పినావు."

అనంతకృష్ణగారు కళ్లు తెరిచి పెళ్లాం వంక చూశారు. పెళ్లినాడు కూడా ఆయన ఆమెను అంత ఇదిగా చూసి ఉండరు.

"నా నంబరుకు ఎప్పుడూ ఎదురు తిరగలేదు గని" అన్నారు ఆంజినప్ప తృప్తిగా. "పదకొండు ఇరవై మూడు. ఆ బిళ్ల సామి కావాలంటే ఇచ్చేసినాను. పాత సామాన్లు పోగేసే పిచ్చి ఉండాది కదా సామికి."

మెయినుదట, మెయినుది! కరెంటు పోయిన ప్రతిసారీ ఒక మనిషింకా కింద ఉన్నాడని తగిలించిన బిళ్ల అది.

అంతటితో అయిపోతే బాగుండును. ఆంజినప్ప ఆమె నుదుటి చెమట చూశారు. "అమ్మా, ఇంటికి చుట్టాలు వచ్చినారు. ఫ్యాను లేక ఉడికిపోతా ఉంటారు. సామీ, నా లైను నుంచి ఒక తీగ మీ ఇంటికి లాగు."

"అబ్బే, వద్దు ఆంజినప్పా!" అనంతకృష్ణగారు ఉలిక్కిపడ్డారు.

"ఏం, నా కరెంటు నీకు చేదా?" ముసలాయన గొంతు లేచింది, లేచేసరికి దగ్గు వచ్చింది. "నాకు లైను కనిపెట్టి ఇచ్చినావు. నేను ఒక్క ఫ్యానుకి ఇవ్వలేనా? ఇవ్వలేని గతిలో ఉండానా నేను?"

వేళ్ల మీద ఏవో కూడికలు తీసివేతలు చేస్తూ అనంతకృష్ణగారు నిలబడిపోయారు. భాగీరథమ్మే మోచేత్తో పొడిచింది. "పెద్దాయన అంత ప్రేమగా ఇస్తా ఉంటే వద్దంటారేమి? లాగండి. స్మిత తెచ్చిన టేబులు ఫ్యాను ఇరవై ఎనిమిదే."

అలా ఆ మధ్యాహ్నం లోకంలో ఎక్కడా జరగని వింత ఒకటి ఉరిగాంలో జరిగింది. అనంతకృష్ణగారి బ్యాటరీలో కరెంటు గోడ దాటి ఆంజినప్ప ఇంటికి పోయింది. అక్కడ గని లైనుగా మారింది. మారి, ఇంకో తీగ పట్టుకుని అదే గోడ దాటి అనంతకృష్ణగారి ఇంటికే తిరిగొచ్చి, అచ్యుత ముఖాన గాలి కొట్టింది.

"అబ్బ! ఎక్కడిదక్కా ఈ కరెంటు?"

"గని లైనుది. ఆంజినప్ప ఇచ్చినాడు" అంది భాగీరథమ్మ. ఆమె తమ్ముడి దగ్గర దాచిన మొట్టమొదటి రహస్యం అది. నాలుక చివర దురదగా ఉన్నా ఓర్చుకుంది.

తువ్వాలు మళ్లీ కప్పలేదు. బోర్డు మీద 1123 పక్కన టేబులు ఫ్యాను బిళ్ల కూడా చేరింది. పెట్టెలో మూడు వందల డెబ్బై ఆరు. అనంతకృష్ణగారు అన్నం కలుపుకుంటూ దాన్నే చూస్తున్నారు, ముద్ద నోట్లోకి పోతోందో ముక్కులోకి పోతోందో తెలియడం లేదు. కరెంటు రెండింటికి గానీ రాదు. బ్యాటరీ అప్పటిదాకా ఆగుతుందా? ఆయన మనసులో లెక్క భాగీరథమ్మకు చదివినట్టే తెలుస్తోంది. ఆమె వడ్డిస్తూ గడియారం చూసింది, పెట్టె చూసింది, రెండో విడత మామిడిరసం పోయించుకుంటున్న తమ్ముణ్ని చూసింది.

"కూ..." అంది ఉన్నట్టుండి.

అచ్యుత అదిరిపడ్డాడు. "ఏమక్కా?"

"షిఫ్టు అయిపోయింది! లేరా, చెయ్యి కడుక్కో. కిటికీ పక్కన పోయి కూర్చో, గాలి వస్తాది" అంటూ ఫ్యాను ఆపి, బిళ్ల తీసేసింది. అనంతకృష్ణగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. మధుర పొంగిన నవ్వు పవిటలో దాచుకుంది. అచ్యుత మాత్రం, "అయిపోయింది, అక్కకి కూడా అంటుకునింది" అని గొణుక్కుంటూ లేచాడు. వేమగల్ పోయే ప్రసక్తి ఎవరూ ఎత్తలేదు.

అప్పుడే గోడ అవతలి నుంచి, బుస్సు బుస్సుమనే చప్పుడు నడుమ, ఆంజినప్ప పిలిచారు.

"అమ్మా! గాలి బాగా వస్తా ఉండాదా?"

భాగీరథమ్మ ఆగిన ఫ్యాను ముందు కూర్చుని, బల్ల మీది విసనకర్ర తీసి విసురుకుంటూ గట్టిగా జవాబిచ్చింది.

"బ్రహ్మాండంగా వస్తా ఉండాది ఆంజినప్పా! చలి పుడతా ఉండాది!"